మాటలు ఆలస్యమైన పిల్లలు: ఆగాలా, చూపించాలా? ఎక్కడికి వెళ్ళాలి, ఏ థెరపీ ఎంచుకోవాలి?

రెండేళ్ళు నిండిన బిడ్డ "అమ్మ", "అత్త" తప్ప ఇంకో మాట అనడం లేదంటే ఇంట్లో తలా ఒక మాట చెబుతారు. వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకు గానీ మాటలు రాలేదంటుంది నాయనమ్మ. మగపిల్లలకు ఆలస్యమేనంటుంది పక్కింటావిడ. ఆటిజమేమో చూపించుకోండని ఆఫీసులో ఎవరో అంటారు, ఆ రోజు నుంచి తల్లికి కంటి మీద కునుకుండదు. తీరా సెంటర్లకు వెళ్తే ఒకరు వారానికి ఐదు రోజులు రమ్మంటారు, ఇంకొకరు స్పీచ్ తర్వాత, ముందు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మొదలుపెట్టమంటారు, మూడో చోట ఏడాది ప్యాకేజీకి ఒకేసారి కట్టమంటారు.

మా బాబుకు ఆటిజం ఉంది. మా చెల్లెలి కూతురికి ఆటిజం లేదు, మాటలు మాత్రమే ఆలస్యమయ్యాయి. రెండు దారులూ దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను. ఏ ఎంపిక ముందుకొచ్చినా నేను అడిగే ప్రశ్న ఒకటే: దీనివల్ల మా ఇంట్లో, మేం బిడ్డతో గడిపే మిగతా గంటల్లో ఏం మారుతుంది? రోజుకు పన్నెండు గంటలు మెలకువగా ఉండే బిడ్డకు వారానికి 84 గంటలు. సెంటర్లో గడిచేవి అందులో మూడో, ఐదో. మిగిలిన సుమారు 80 గంటలూ మన చేతుల్లోనే ఉంటాయి.

ఆగి చూడటమా, ఇప్పుడే చూపించడమా

ఆగమనేవాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. రెండేళ్ళకు మాటలు తక్కువగా ఉండి, మిగతా ఎదుగుదల అంతా బాగున్న పిల్లల్లో సగానికి పైగా తర్వాత తోటివాళ్ళను అందుకుంటారు. కాకపోతే మన బిడ్డ ఆ సగంలో ఉంటాడా, మిగతా సగంలో ఉంటాడా అన్నది రెండేళ్ళ వయసులో ఎవరూ గట్టిగా చెప్పలేరు. అందుకే ఊరికే ఆగడం నాకు ఒక ఎంపికగా అనిపించదు.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల పట్టిక ఒక మంచి కొలత. అమ్మ, నాన్న కాకుండా 18 నెలలకు కనీసం మూడు మాటలు, రెండేళ్ళకు "పాలు ఇవ్వు" లాంటి రెండు మాటల కలయిక, రెండున్నరేళ్ళకు సుమారు 50 మాటలు రావాలని ఆ పట్టిక చెబుతుంది. వంద మందిలో కనీసం 75 మంది ఆ వయసుకు చేసేవే అందులో పెట్టారు. అంటే అది సగటు గీత కంటే బాగా కిందకు గీసిన గీత. అది కూడా అందలేదంటే "కాస్త నిదానం" అని సర్దిచెప్పుకుని ఊరుకునే విషయం కాదు.

కొన్ని సంగతులు కనిపిస్తే మాత్రం వచ్చే నెల దాకా కూడా ఆగొద్దు. ఏడాదికి "బబ్బబ్బ, దద్దద్ద" లాంటి శబ్దాలు లేకపోవడం, వేలు చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్ళకు సొంతంగా రెండు మాటలు కలపకపోవడం అలాంటివి. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన మాటలు పోవడం. ఏడాదిన్నరకు "తాత", "కాకి" అన్న బిడ్డ తర్వాత ఆ మాటలు మానేస్తే, పళ్ళు వస్తున్నాయనో, తమ్ముడు పుట్టాడనో, ఊరు మారామనో కారణాలు వెతక్కండి. ఏ వయసులోనైనా సరే, ఆ వారంలోనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాలి.

చూపించుకుంటే ముద్ర పడిపోతుందని చాలామందికి భయం. పరీక్ష చేయించుకున్నంత మాత్రాన ఎవరూ ముద్ర వేయరు. ఏమీ లేదని తేలితే పోయేది ఒక పూట. ఉందని తేలితే మిగిలేది కొన్ని నెలలు, ఆ వయసులో ఆ నెలలు చాలా విలువైనవి.

ముందు చెవి పరీక్ష

ఇక్కడ ఎంపికేమీ లేదు, అందరూ చేయించాల్సిందే. "టీవీ పాట వస్తే పరిగెత్తుకొస్తాడు, చెవులు బాగానే ఉన్నాయి" అన్న మాట సరిపోదు. కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినపడని పిల్లలుంటారు. జలుబులతో చెవి లోపల నీరు చేరి, కొన్నాళ్ళు వినపడి కొన్నాళ్ళు వినపడని పిల్లలూ ఉంటారు. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసయినా తర్వాత వినికిడి తగ్గవచ్చు. చిన్నపిల్లలకు లోపలి చెవి స్పందన చూసే ఓఏఈ, చెవిలో ఒత్తిడి చూసే టింపనోమెట్రీ, అవసరమైతే వినికిడి నరం స్పందన చూడటానికి నిద్రలో చేసే బెరా పరీక్ష చేస్తారు. చెవి పరీక్ష అడగకుండానే థెరపీ మొదలుపెట్టే చోటును నేను నమ్మను.

మాట ఒక్కటే ఆలస్యమా, ఆటిజమా

తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. తేడా మాటల లెక్కలో ఉండదు. మాటలు లేకపోయినా బిడ్డ మనతో ఏం పంచుకుంటున్నాడన్న దాంట్లో ఉంటుంది.

మా చెల్లెలి కూతురికి రెండేళ్ళప్పుడు నాలుగైదు మాటలే ఉండేవి. కానీ ఆకాశంలో విమానం కనిపిస్తే వేలు చూపించి, మేం చూశామో లేదో అని మా మొహాల వంక తిరిగేది. చెప్పు తెమ్మంటే తెచ్చేది. బొమ్మకు ఉత్తుత్తి అన్నం తినిపించేది. కావాల్సింది అర్థం కాకపోతే చెయ్యి పట్టి లాగి, సైగ చేసి, అప్పటికీ కాకపోతే ఏడ్చి మరీ అర్థం చేయించేది. సంభాషణంతా జరుగుతూనే ఉంది, అందులో మాటలే తక్కువ.

మా బాబుకు అదే వయసులో మాటలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. ఏబీసీడీలు, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు, రంగుల పేర్లు అన్నీ చెప్పేవాడు. చూసినవాళ్ళంతా తెలివైన పిల్లాడన్నారు, తెలివైనవాడే. అయితే దాహమేస్తే "నీళ్ళు" అనేవాడు కాదు, నా చెయ్యి తీసుకెళ్ళి గ్లాసు మీద పెట్టేవాడు. ఆ పనంతా నా చేతితోనే, నా మొహం వంక మాత్రం చూసేవాడు కాదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడు కాదు, బిస్కెట్ ప్యాకెట్ చప్పుడుకు మాత్రం పక్క గదిలోంచి వచ్చేవాడు. "పాలు కావాలా?" అని నేనడిగే ప్రశ్ననే తిరిగి "పాలు కావాలా" అనేవాడు. పాలు కావాలని చెప్పడం వాడికి అలా కుదిరింది. ఇలా విన్నది విన్నట్టు తిరిగి అనడం అర్థంలేని వాగుడు కాదు, చాలామంది ఆటిజం పిల్లలు భాషలోకి అడుగుపెట్టే దారి అది. దాన్ని ఆపించకుండా, పక్కనే "పాలు కావాలి" అని వాడు అనాల్సిన మాటను మనం అనాలి.

కళ్ళలోకి చూస్తాడు, ముద్దులు పెడతాడు, నవ్వుతాడు, కాబట్టి ఆటిజం కాదన్న మాట చాలాచోట్ల వింటాం. అది తప్పు. ఆటిజం ఉన్న పిల్లలు అమ్మను అల్లుకుపోతారు, నవ్వుతారు, చాలామంది కళ్ళలోకి చూస్తారు కూడా. ఇందుకు ఎదురు పొరపాటు కూడా జరుగుతుంది. చక్రం తిప్పుతున్నాడనో, మునివేళ్ళ మీద నడుస్తున్నాడనో ఒక్క లక్షణం చూసి ఆటిజమని తేల్చేస్తుంటారు. మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రకారం రెండు వైపులా ఆధారం ఉండాలి. ఒకటి, ఇతరులతో పంచుకునే తీరులో ఇబ్బంది. రెండోది, చేసిందే చేయడం, మార్పును తట్టుకోలేకపోవడం, శబ్దాలకో స్పర్శకో విపరీతంగా స్పందించడం లాంటివి. ఇంట్లో మొదటి అంచనాకు ఎం-చాట్ ఆర్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది, 16 నుంచి 30 నెలల పిల్లలకు పనికొస్తుంది. అది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. నిర్ధారణ డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్, పిల్లల న్యూరాలజిస్ట్, మానసిక వైద్యులు, క్లినికల్ సైకాలజిస్ట్ లాంటి వాళ్ళు పిల్లాడితో ఆడి, మీతో తీరిగ్గా మాట్లాడి చేయాలి. ఐదు నిమిషాల్లో "ఆటిజమే" అన్నవాళ్ళ మాటనూ, ఐదు నిమిషాల్లో "ఏమీ లేదు" అన్నవాళ్ళ మాటనూ పక్కన పెట్టి రెండో అభిప్రాయం తీసుకోండి.

ఈ రెండే కాదు, మూడో దారి కూడా ఉంది. ఆటిజం ఉండదు, వినికిడి బాగుంటుంది, తెలివితేటలకు లోటుండదు, అయినా భాష పట్టుబడదు. స్కూలు వయసు పిల్లల్లో దాదాపు 7 శాతం మందికి ఇలాంటి భాషా ఇబ్బంది ఉంటుందని ఇంగ్లండ్‌లో చేసిన పెద్ద అధ్యయనం చెప్పింది. ఆటిజం కాదని తేలగానే ఊపిరి పీల్చుకుని థెరపీ ఆపేసే ఇళ్ళలో నష్టపోయేది ఈ పిల్లలే.

"వర్చువల్ ఆటిజం, ఫోన్ మానేస్తే పోతుంది" అని వీడియోల్లో చెబుతున్నారు. అలాంటి రోగనిర్ధారణ ఏ వైద్య పట్టికలోనూ లేదు. ఫోన్ మానిపించడం మంచిదే. రెండేళ్ళలోపు స్క్రీన్ అసలే వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ చెబుతోంది. ఫోన్ తీసేస్తే మనకు బిడ్డతో మాట్లాడే గంటలు దొరుకుతాయి, లాభం అక్కడుంది. అయితే ఫోన్ మాన్పించి ఆరు నెలలు చూద్దామని పరీక్ష వాయిదా వేయొద్దు. రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. ఫోన్ ఇచ్చినందుకే ఇలా అయిందని తల్లిని తిట్టే ఇళ్ళున్నాయి, నాకు చాలా బాధనిపిస్తుంది. ఆటిజం తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు.

ఎక్కడికి వెళ్ళాలి: ప్రభుత్వ కేంద్రమా, ప్రైవేటు సెంటరా

ప్రభుత్వ దారి గురించి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే, 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ, అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. పిల్లల డాక్టర్, చెవి పరీక్ష, స్పీచ్, సైకాలజీ, ఫిజియోథెరపీ ఒకే చోట ఉచితంగా అందాలన్నది వీటి ఉద్దేశం. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే టీమ్ కూడా అక్కడికి రాసి పంపగలదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ. 1984లో మొదలైంది, పాత పేరు ఎన్ఐఎంహెచ్, పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. చిన్నపిల్లల కోసం 2021లో అక్కడ ప్రత్యేక కేంద్రం తెరిచారు. వినికిడి, మాటలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్ నగర్‌లోనే ఉంది. నెల్లూరులో ఎన్ఐఈపీఐడీ కింద ప్రాంతీయ పునరావాస కేంద్రం సీఆర్‌సీ నడుస్తోంది. సరిహద్దు జిల్లాలవాళ్ళకు మైసూరులోని మాట, వినికిడి సంస్థ ఐష్, వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్‌హాన్స్ కూడా అందుబాటులో ఉంటాయి.

నా అభిప్రాయం చెబుతాను. పరీక్షకు, నిర్ధారణకు, వైకల్య సర్టిఫికెట్‌కు ప్రభుత్వ సంస్థలే మేలు. అక్కడ ఎవరికీ మీ బిడ్డకు ఎక్కువ సెషన్లు రాయాల్సిన అవసరం ఉండదు. వారం వారం థెరపీకి మాత్రం దూరమే నిర్ణయిస్తుంది. రెండు బస్సులు మారి మూడు గంటలు ప్రయాణిస్తే అలసిపోయిన బిడ్డ సెషన్‌లో ఏడుస్తాడు, తల్లి ఉద్యోగం పోతుంది. అలాంటప్పుడు నెలకోసారి పెద్ద సంస్థకు వెళ్ళి ఇంటికి పని రాయించుకుని, దగ్గర్లోని స్పీచ్ థెరపిస్ట్ దగ్గర వారానికి ఒకటి రెండు సెషన్లు పెట్టుకోవడం నయం. డీఈఐసీకి బయల్దేరే ముందు స్పీచ్ థెరపిస్ట్ పోస్టులో మనిషి ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, ఏ రోజుల్లో ఉంటారో కూడా అడగండి.

ప్రైవేటు సెంటర్‌ను ఎంచుకునేటప్పుడు రంగుల గోడలు, ఊయలలు, బాల్ పూల్ చూసి మురిసిపోవద్దు. ముందుగా, స్పీచ్ థెరపిస్ట్‌కు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. భారత పునరావాస మండలి చట్టం 1992 ప్రకారం అది తప్పనిసరి, అడగడం మర్యాద తక్కువేమీ కాదు. రెండోది, నన్ను సెషన్‌లో కూర్చోనిస్తారా? ఇది నాకు అన్నిటికంటే పెద్ద పరీక్ష. "తల్లి ఉంటే పిల్లాడు మాట వినడండీ" అని తలుపు వేసే చోట బిడ్డ ఏం నేర్చుకున్నా ఆ గదిలోనే ఉండిపోతుంది, మీకు మాత్రం ఏమీ అందదు. మొదట ఒకటి రెండు వారాలు అద్దం వెనక నుంచి చూడమంటే సరే, నెలల తరబడి బయట కూర్చోబెడితే వద్దు. మూడోది, వచ్చే మూడు నెలల లక్ష్యాలు కాగితం మీద రాసిస్తారా? "భాష మెరుగుపరచడం" అని రాస్తే అది లక్ష్యం కాదు. "రోజులో ఐదు సార్లు, ఎవరూ అడగకుండా, సైగతోనో మాటతోనో తనకు కావాల్సింది చెప్పడం" అంటే లక్ష్యం. ఏడాది డబ్బు ముందే కట్టమంటే నెలనెలా కడతామని చెప్పండి, ఒప్పుకోకపోతే ఇంకో చోటు వెతుక్కోండి. ఎన్ని నెలల్లో మాటలొస్తాయో గ్యారంటీ ఇచ్చేవాళ్ళ దగ్గరకు అసలే వెళ్ళొద్దు.

ఏ థెరపీ

ఆటిజం లేకుండా మాటలు మాత్రమే ఆలస్యమైన రెండు, మూడేళ్ళ బిడ్డకు వారానికి ఐదు రోజుల సెంటర్ చాలాసార్లు అక్కర్లేదు. వారానికి ఒకసారి, లేదా పది పదిహేను రోజులకు ఒకసారి స్పీచ్ థెరపిస్ట్ తల్లిదండ్రులకు నేర్పి, మిగతాది ఇంట్లో చేయిస్తే సరిపోయే పిల్లలు ఎక్కువ. నేర్పేవి వినడానికి చిన్నవే. "ఇదేంటి? అదేంటి? చెప్పు, చెప్పు" అని పరీక్ష పెట్టడం మానేసి, బిడ్డ చూస్తున్న దాని గురించే మనం మాట్లాడటం ఒకటి. వాడు "బంతి" అంటే మనం "బంతి ఇవ్వు" అనడం, అంటే వాడి మాట కంటే ఒక్క మాట ఎక్కువగా. స్నానం చేయిస్తూ "నీళ్ళు పోస్తున్నా, కాలు కడుగుతున్నా, అయిపోయింది" అని రోజూ అవే మాటలు వాడడం. అన్నిటికంటే కష్టమైనది ఆగడం. మోకాళ్ళ మీద ఎక్కించుకుని ఏనుగు ఆట ఆడుతూ మధ్యలో ఠక్కున ఆపి, బిడ్డ మొహంలోకి చూస్తూ మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దంలో కదలికో, చూపో, శబ్దమో వస్తుంది. దానికి జవాబుగా మళ్ళీ ఊపండి. ఉమ్మడి కుటుంబంలో ఇది మరీ కష్టం. బిడ్డ నోరు తెరవకముందే అమ్మమ్మ పాలగ్లాసు అందిస్తుంది. ఆమె ప్రేమను తప్పుపట్టకుండా, "అమ్మా, వాడు నీ వంక చూసేదాకా ఒక్క క్షణం ఆగు" అని చెప్పుకోవాలి.

ఆటిజం ఉంటే ఇవన్నీ కావాలి, ఇంకా కొన్ని కావాలి. ఇక్కడే ఏబీఏ అన్న పేరు వినిపిస్తుంది, పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, చేస్తే మెచ్చుకుంటూ నేర్పే పద్ధతి అది. 1987లో లోవాస్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ వారానికి 40 గంటల శిక్షణతో వచ్చిన ఫలితాలు ప్రచురించాక అది ప్రపంచమంతా పాకింది. ఆ పాత పద్ధతిలో బల్ల ముందు కూర్చోబెట్టడం, ఒకటే పని పదేపదే చేయించడం, చేస్తే చాక్లెట్ ఇవ్వడం ఉండేది. శిక్షలు కూడా ఉండేవి. అలా పెరిగిన ఆటిజం వ్యక్తులు కొందరు పెద్దయ్యాక తమకు జరిగిన బాధ గురించి గట్టిగా మాట్లాడుతున్నారు, ఆ మాట మనం వినాలి. ఇప్పుడు చిన్నపిల్లలకు ఆటలోనే, బిడ్డ ఆసక్తిని పట్టుకుని నేర్పే సహజ పద్ధతులు వచ్చాయి. డెన్వర్ మోడల్ అందులో ఒకటి. సెంటర్ బోర్డు మీద ఏ పేరున్నా లోపల ఏం జరుగుతుందో చూడండి. బిడ్డ నవ్వుతున్నాడా? వద్దని తల తిప్పుకుంటే ఆ "వద్దు"ను గౌరవిస్తున్నారా? ఏడుస్తున్న బిడ్డను చేతులు పట్టి కుర్చీలో కూర్చోబెట్టే చోట నుంచి అదే రోజు బయటకు తీసుకురండి.

అమ్మానాన్నలకు నేర్పించడం డబ్బులేనివాళ్ళ సర్దుబాటు అనుకోకండి. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆరోగ్య కార్యకర్తల ద్వారా తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చిన పాస్ అనే అధ్యయనం 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. శిక్షణ పొందిన తల్లిదండ్రులు బిడ్డకు అనుగుణంగా స్పందించడం పెరిగింది, పిల్లలు తామై చొరవ తీసుకుని సంభాషించడం కూడా పెరిగింది. నిపుణులు దొరకని మన మండలాలకు ఇంతకంటే ఆశ కలిగించే విషయం నాకు కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి సంరక్షకుల శిక్షణను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది.

ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ, తిండి దగ్గర పేచీ, బట్టలు తొడుక్కోవడం, మిక్సీ చప్పుడుకు చెవులు మూసుకోవడం లాంటి ఇబ్బందులుంటే బాగా ఉపయోగపడుతుంది. ఊయల ఊపితే మాటలు వస్తాయని చెబితే మాత్రం నమ్మకండి. నోటి వ్యాయామాలదీ ఇదే సంగతి. విజిల్ ఊదించడం, పెదాల చుట్టూ బ్రష్‌తో రుద్దడం, స్ట్రాతో తాగించడం మన సెంటర్లలో చాలా ఎక్కువ. మాటలు తెప్పించడానికి ఇవి పనిచేస్తాయన్న సరైన ఆధారం లేదు. అరగంట సెషన్‌లో ఇరవై నిమిషాలు వీటికే పోతుంటే ఎందుకో అడగండి.

ఏది మొదలుపెట్టినా మూడు నెలలకు కూర్చుని చూసుకోండి. మాటల లెక్క ఒక్కటే కాదు, వేలు చూపించడం, సైగలు, పిలిస్తే తిరగడం, ఆటలో మన వంతు రానివ్వడం, అన్నీ చూడాలి. ఏమీ కదల్లేదంటే పద్ధతి మార్చమని అడగండి, గంటలు పెంచమని కాదు.

మాట కోసమే ఎదురుచూడటమా, బొమ్మల కార్డులు మొదలుపెట్టడమా

"కార్డులు అలవాటైతే ఇక మాట్లాడడేమో" అన్న భయం దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. జరిగేది ఇందుకు వ్యతిరేకం. బొమ్మలతోనో, సైగలతోనో, ట్యాబ్‌తోనో చెప్పడం నేర్చిన పిల్లల్లో మాట తగ్గలేదని, చాలామందిలో ఎంతో కొంత పెరిగిందని ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ గాలించిన 2006 నాటి సమీక్ష తేల్చింది. కారణం అర్థం చేసుకోవడం తేలికే. చెప్పుకోగలిగిన బిడ్డకు ఏడుపు, కొట్టుకోవడం, కొరకడం తగ్గుతాయి, ఎదుటివాళ్ళతో మాట్లాడాలన్న కోరిక పెరుగుతుంది. మూడేళ్ళు దాటినా మాట నిలకడగా రాకపోతే ఇక ఎదురుచూడొద్దు. అన్నం, నీళ్ళు, బయటికి, చాలు, నొప్పి. ఈ ఐదు ఫొటోలు తీసి గోడకు అంటిస్తే రేపే మొదలుపెట్టొచ్చు. యాప్ కావాలంటే చెన్నైలో తయారైన ఆవాజ్ ఉంది. ఒక్క జాగ్రత్త. బిడ్డ చెయ్యి పట్టుకుని అక్షరాల మీద వేలు పెట్టించి "వాడే రాస్తున్నాడు" అనే పద్ధతుల జోలికి పోవద్దు. ఆ మాటలు పట్టుకున్న పెద్దవాళ్ళవేనని పరీక్షల్లో తేలింది.

తెలుగా, ఇంగ్లీషా

"రెండు భాషలతో తికమక పడుతున్నాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్న సలహా హైదరాబాద్‌లోనూ ఇస్తారు, డాలస్‌లోనూ ఇస్తారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఆటిజం ఉన్న పిల్లలకు కూడా దానివల్ల నష్టం లేదని ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు చెబుతున్నాయి. మీకు జోలపాట ఏ భాషలో వస్తుందో, కోపం, మురిపెం ఏ భాషలో వస్తాయో ఆ భాషే మాట్లాడండి. కూడబలుక్కున్న ఇంగ్లీషులో అమ్మ నాలుగు ముక్కలే మాట్లాడుతుంది, తెలుగులో రోజంతా మాట్లాడుతుంది. తాతయ్య, నాయనమ్మలను ఆ బిడ్డ జీవితంలోంచి తీసేయడం ఏ థెరపీకీ తగని ఖరీదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇంకో ఎంపిక ఎదురవుతుంది, బిడ్డను ఇండియాకు పంపడమా అని. అక్కడ మూడేళ్ళలోపు పిల్లలకు రాష్ట్రం నడిపే ఎర్లీ ఇంటర్వెన్షన్, మూడేళ్ళు దాటాక స్కూల్ డిస్ట్రిక్ట్ పరీక్ష చేసి సేవలు ఇవ్వాలి. ఆ పరీక్షకు ఆటిజం నిర్ధారణ ముందే ఉండాల్సిన పని లేదు, తల్లిదండ్రులు ఉత్తరం రాసి అడిగితే చాలు. ఇక్కడ మనుషులెక్కువ, సందడి ఎక్కువ, థెరపీ చౌక, నిజమే. కానీ అమ్మానాన్నలను వదిలి రెండున్నరేళ్ళ బిడ్డ ఒక్కడే వస్తే వాడితో ఎక్కువ మాట్లాడే ఇద్దరూ దూరమవుతారు. వస్తే తల్లో తండ్రో తోడు రావాలి, అక్కడి సేవల వరుస తెగకుండా చూసుకుని రావాలి.

వీటి జోలికి వెళ్ళొద్దు

ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స అంటూ లక్షలు అడిగేవాళ్ళున్నారు. అది సిఫార్సు చేయదగిన చికిత్స కాదని, ప్రచారం చేయడం వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. ఒంట్లోంచి లోహాలు తీస్తామనే కిలేషన్ వల్ల 2005లో అమెరికాలో ఐదేళ్ళ బాబు చనిపోయాడు. నాలుక కింద తీగ కోయిస్తే మాటలొస్తాయన్నది మన ఊళ్ళలో పాత మాట. ఆ తీగ బిగుతుగా ఉంటే పాలు తాగడంలోనో, కొన్ని అక్షరాలు పలకడంలోనో ఇబ్బంది రావచ్చు గానీ, మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. వసకొమ్ము అరగదీసి నాకించడం కూడా వద్దు. అందులోని బీటా అసరోన్ హానికరమని అమెరికా 1968లోనే ఆహారంలో దాన్ని నిషేధించింది. గుడికి వెళ్ళండి, దర్గాకు వెళ్ళండి, మొక్కుకోండి. బిడ్డ నోట్లో మాత్రం డాక్టర్ చెప్పనిది ఏదీ వేయకండి.

ఇక మందులు. ఆటిజంలో మాటలు తెప్పించే మందుగా రుజువైనది లేదు. విపరీతమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడం లాంటివాటికి డాక్టర్లు కొన్ని మందులు రాస్తారు, అది వేరే విషయం. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ ప్రకటన తర్వాత ల్యూకోవోరిన్ అనే మందు గురించి వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. దాని మీద ఇప్పటిదాకా జరిగినవి చిన్న ప్రయోగాలే. మెడికల్ షాపులో కొని వేయకుండా మీ డాక్టర్‌నే అడగండి.

స్కూలు, సర్టిఫికెట్

మాట మాత్రమే ఆలస్యమైన పిల్లలకు అంగన్‌వాడీ గానీ ప్లేస్కూల్ గానీ మేలు చేస్తుంది, తోటి పిల్లల మధ్య మాట అవసరం పెరుగుతుంది. అయితే అది థెరపీకి బదులు కాదు. ఆటిజం ఉన్న బిడ్డకు పెద్ద పేరున్న స్కూలు కంటే తక్కువ మంది పిల్లలు, కేకలు వేయని టీచరు ముఖ్యం. వాడు మూల కూర్చున్నా ఊరుకునే చోట ఏడాది గడిచినా మార్పుండదు. మండలాల్లో సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు ఉన్నాయి, మీ మండలంలో ఎక్కడుందో ఎంఈఓ ఆఫీసులో అడగండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, మాట, భాషా వైకల్యం కూడా ఉంది. ప్రభుత్వ నిధులతోనో గుర్తింపుతోనో నడిచే విద్యాసంస్థలు వైకల్యం ఉందని వివక్ష చూపకుండా పిల్లలను చేర్చుకోవాలని ఆ చట్టం చెబుతోంది. సర్టిఫికెట్ తీసుకుంటే జీవితాంతం మచ్చ అని వెనకాడే కుటుంబాలకు నేను చెప్పేది, దాన్ని ఎవరికి చూపించాలో నిర్ణయించేది మీరే. ఆటిజం తీవ్రతను ఐసా అనే 40 అంశాల కొలతతో చూస్తారు, అందులో 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం కింద లెక్క. వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు స్లాటు ఆంధ్రలో సచివాలయంలో అడగండి, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్ ఉంది. కార్డు చేతికొచ్చాక నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాకు దరఖాస్తు చేయండి. ఆటిజం ఉన్నవాళ్ళకు ఏడాదికి 1 లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులో కొంత కూడా దాని కింద వస్తుంది. ప్రతి సెషన్ రసీదు మీద థెరపిస్ట్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండేలా మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి.